గిన్నెల వీధి చెవులు

జూన్ 12

రేకుల కొట్టువాడు మావాడికిచ్చిన డైరీ ఇది. వాడు దీంతో కొలిమి దగ్గర విసురుకుంటుంటే లాక్కున్నాను. నాలుగో తరగతి మధ్యలో బడి ఎగ్గొట్టి సుత్తి పట్టినవాడికి డైరీ ఎందుకని కోడలు నవ్వింది. దానికేం తెలుసు. మా వీధిలో రహస్యం చెప్పుకునే సదుపాయం లేదు. పొద్దున మొదలుపెట్టి దీపాలు పెట్టేదాకా అటు పక్కా ఇటు పక్కా ఎదురుగా గిన్నెలు కొడుతూనే ఉంటారు. పక్కనున్నవాణ్ణి చెంబు అందుకోమనాలన్నా అరవాలి. అరిచి అరిచి, పని ఆపేశాక కూడా అలాగే అరుస్తాం. మావాడూ కోడలూ గుసగుసలాడుకున్నది ఎదురు కొట్లో గిన్నెలకి మెరుగు పెట్టే బావకి వినపడుతుంది. మర్నాడు నాకు వివరంగా చెప్తాడు. చప్పుడు కాకుండా మాట్లాడుకోవాలంటే ఇక ఇదొక్కటే దారి.

ఇవాళ్టి విశేషం, మా గరిటె వంతెన అవతలి బడిలో చేరింది.

గరిటె నా మనవరాలు. ఇంట్లో అందరికీ నేను సామాన్ల పేర్లే పెట్టాను. కోడలు జల్లెడ, దాని దగ్గర ఏ మాటా నిలవదు. మావాడు మూకుడు, బోర్లించినా వెల్లకిలా పెట్టినా అలాగే ఉంటాడు. ఈ పిల్ల ప్రతి గిన్నెలోనూ దూరుతుంది కాబట్టి గరిటె. పదకొండేళ్ళు. మా వీధి బడిలో ఎప్పుడూ మొదటిది ఇదే. వంతెన అవతలి పెద్ద బడివాళ్ళు రాత పరీక్ష పెట్టి, మా వైపు నుంచి ఒక్కరిని తీసుకుంటారు. ఈ ఏడు ఆ ఒక్కరూ గరిటె.

"పెద్ద ఉద్యోగం చేసి నాకేం తెస్తావే?" అన్నాను.

"పళ్ళు తెస్తా తాతా. ఆ మూడింటితో ఎన్నాళ్ళు నవ్వుతావు?" అంది.

నాలుగున్నాయి. లోపల ఒకటి దానికి కనపడదు.

జూన్ 19

పిల్లని బడికి దింపడం నా వంతు. వంతెన దిగితే లోకం వేరు. అక్కడ తలుపులు కూడా మెల్లగా వేసుకుంటారు. ఎవరో కుక్కని పిలిస్తే కుక్క కూడా మర్యాదగా వచ్చింది. గేటు దగ్గర నేను "బాగా చదువుకోవే" అన్నాను. నాకు మామూలుగానే అన్నట్టుంది. ఇద్దరు వాచ్‌మెన్లు పరిగెత్తుకొచ్చారు.

జూన్ 27

కరెంటు పోయింది. "గరిటే, ఇవాళ బడిలో ఏం వెలగబెట్టావే?" అన్నాను. పలకదు. మళ్ళీ అన్నాను. పలకదు. పొగరు బాగా పెరిగిందనుకుంటుంటే చీకట్లోంచి అంది, "తాతా, ముందు దీపం పెట్టు. వినపడటం లేదు."

ఇంటిల్లిపాదీ పొట్ట పట్టుకుని నవ్వాం. అది కూడా నవ్వింది, దీపం పెట్టాక.

జూన్ 28

మెరుగుబావకి చెప్పాను. నవ్వలేక పొలమారింది. సాయంత్రానికి వీధంతా పాకింది. ఎవరు ఏమడిగినా "ముందు దీపం పెట్టు" అంటున్నారు.

జులై 10

బడి నుంచి కబురొస్తే కోడలు వెళ్ళింది. వచ్చేటప్పుడు ముఖం మాడిపోయి ఉంది.

క్లాసు టీచరమ్మకి నేను మెత్తనమ్మ అని పేరు పెట్టాను, నోట్లో దూది పెట్టుకున్నట్టు మాట్లాడుతుంది. ఆవిడ చెప్పిందట: పిలిస్తే పలకదు, ఒకటి అడిగితే ఇంకోటి చెప్తుంది, నోరు తెరిస్తే అరుపే. నదుల గురించి అడిగితే లేచి నిలబడి లెక్కల జవాబు చెప్పిందట. క్లాసంతా నవ్వారట. మార్కుల్లో అందరికంటే కింద. అర్ధసంవత్సరం పరీక్షల్లో కూడా ఇలాగే ఉంటే ఆ చోటు ఇంకొకరికిచ్చి, దీన్ని మళ్ళీ మా వీధి బడికి పంపేస్తారట.

"ఇదంతా మీ గారాబమే మామయ్యా" అంది కోడలు.

"నా గారాబమంతా నీ మొగుడి మీదే అయిపోయిందమ్మా. దీనికి మిగల్చలేదు" అన్నాను.

నవ్వలేదు. మా వీధి బడి దాకా చదివినవాళ్ళు ఏమవుతారో దానికి తెలుసు. నాకూ తెలుసు. ఏమవుతారు, నాలా అవుతారు.

జులై 11

రాత్రంతా ఆలోచించాను. తల అదే, పిల్ల అదే. వంతెనకి ఇటు మొదటిది, అటు ఆఖరిది. వంతెన మీద నడుస్తుంటే తెలివి కారిపోతోందా?

మా వీధి మాస్టారు పాఠం అరుస్తాడు. అరిచింది బోర్డు మీద రాస్తాడు. రాసింది పిల్లల చేత మళ్ళీ అరిపిస్తాడు. మెత్తనమ్మ ఏం చేస్తుందని గరిటెని అడిగాను.

"బెంచీల మధ్య తిరుగుతూ చెప్తుంది తాతా. అటు తిరిగినప్పుడు పాఠం ఆగిపోతుంది."

"నువ్వు కూడా ఆవిడ వెనకే తిరుగు" అన్నాను. ఆ పిల్ల నిజంగానే ఆలోచించింది.

జులై 15

గరిటెకి తెలివి లేదనేవాడు మా వీధికి వచ్చి దాని చేతిమాట చూడాలి. సుత్తులు ఆడుతున్నప్పుడు మేం చేతులతో మాట్లాడుకుంటాం. మెడ మీద గోకితే బేరగాడొచ్చాడని. బొటనవేలు పెదవికి తగిలిస్తే టీ. వేళ్ళు విదిలిస్తే వేడి, ముట్టుకోకు. మా కోడలు ఇన్నేళ్ళైనా నేర్చుకోలేకపోయింది, గరిటె మాటలు రాకముందే నేర్చింది. నెలల పిల్లని ఒళ్ళో వేసుకుని బిందె మెడ కొట్టేవాణ్ణి. సుత్తి ఆగితే లేచి ఏడ్చేది, మొదలుపెడితే నిద్రపోయేది. వీధిలో ఆడవాళ్ళంతా మెచ్చుకునేవాళ్ళు, ముసలాయన పిల్లని భలే పెంచుతున్నాడని.

జులై 22

బడిలో పిల్లలకి చెవులు పరీక్ష చేస్తారట. మెత్తనమ్మే గరిటె పేరు ముందు పెట్టించిందట. ఇంట్లోంచి పెద్దవాళ్ళు ఒకరు రావాలి. కోడలు ఆ రోజు కొట్లకి గిన్నెలు దింపాలి కాబట్టి నేను వెళ్ళాలి.

మెరుగుబావ విని పెదవి విరిచాడు. "చెవి పరీక్ష తప్పితే ఆ బడిలో ఉంచరు బావా. చెవిటి పిల్లల బడి ఒకటుందట, ఎక్కడో దూరంగా. అక్కడికి తోలేస్తారు. సెలవులకి తప్ప పంపరు."

బావ మాట నమ్మేవాడు వీధిలో ఒక్కడూ లేడు. నేనూ నమ్మలేదు.

జులై 24

పరీక్ష అయింది. గరిటె నెగ్గింది.

నేనేం చెయ్యలేదు. పిల్ల బెదురుతుంటే ధైర్యం చెప్పాను, అంతే. ఒక కుర్ర డాక్టరు, బల్ల మీద ఒక పెట్టె, పిల్ల తలకి రెండు చిప్పలు. చప్పుడు వినపడగానే చెయ్యెత్తాలన్నాడు. అతని వెనక గోడ దగ్గర నన్ను కూర్చోబెట్టాడు. గరిటె నాకు ఎదురుగా ఉంది. అతను మీట నొక్కినప్పుడల్లా పెట్టె మీద ఎర్ర దీపం మిణుకుమంటోంది. ఆ దీపం పిల్లకి కనపడదు, నాకు కనపడుతుంది. మొదటిసారి నొక్కాడు. పిల్ల నన్నే చూస్తోంది. మళ్ళీ నొక్కాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. పరీక్షంటే దానికి ప్రాణం, ఎన్నడూ తప్పలేదు. నా మోకాలి మీద చిటికెన వేలు దానంతటదే లేచింది.

గరిటె చెయ్యెత్తింది.

తర్వాత ఒక్కటీ తప్పలేదు. కుడి చెవి, ఎడమ చెవి, అన్నీ.

"పెద్దాయనా, గిన్నెల వీధి నుంచి వచ్చిన పిల్లల్లో ఇంత మంచి చెవులు నేను చూడలేదు" అన్నాడు కుర్ర డాక్టరు.

"మరి ఎవరి మనవరాలనుకున్నారు!" అన్నాను. చెవులు మూసుకున్నాడు.

వంతెన మీద గరిటె అడిగింది, "తాతా, ఆ చిప్పల్లోంచి నిజంగానే చప్పుడొస్తుందా?"

"వస్తుందిలే. సన్నగా."

"నీకు వినపడిందా?"

"నేను బయట కూర్చున్నాను కదే, నాకెలా వినపడుతుంది?"

కొంత దూరం నడిచాక, వేలి సంగతి అమ్మకి చెప్పకన్నాను. ఎందుకన్నానో. తప్పు పనేం కాదు కదా.

జులై 25

చెయ్యి నొప్పిగా ఉంది. పని చెయ్యలేదు.

ఆగస్టు 9

మళ్ళీ కబురు. మళ్ళీ కోడలే వెళ్ళింది.

చెవులు భేషుగ్గా ఉన్నాయని తేలింది కాబట్టి ఇది కావాలనే వినటం లేదని తేల్చారు. పాపం, ఇన్నాళ్ళూ మెత్తనమ్మ, పిల్ల చెవుల్లో ఏదైనా లోపం ఉందేమోనని ఓపిక పట్టిందట. ఇక పట్టదట. మిగతా పిల్లలకి అడ్డం రాకుండా ఆఖరి బెంచీకి మార్చింది.

కోడలు వస్తూనే పిల్ల వీపు మీద రెండు వేసింది. "అన్నీ వినపడుతున్నాయట కదే! మరి ఎందుకే నా పరువు తీస్తావు?"

మావాడు సుత్తి ఆపి చూశాడు. నేను నోరు తెరిచాను. గరిటె ఏడుస్తూనే, అమ్మకి కనపడకుండా, నా వైపు వేళ్ళు విదిలించింది.

వేడి. ముట్టుకోకు.

సరే, అదే వద్దంది కదా. నోరు మూసుకున్నాను.

ఆగస్టు 11

చెయ్యి నొప్పి.

ఆగస్టు 12

"ఏ చెయ్యి నాన్నా?" అని అడిగాడు మావాడు.

"రెండూ."

"నిన్న వీధి చివర గోళీలాడావట?"

"అది కాలితో ఆడాను" అన్నాను. వాడూ బావా నవ్వుకున్నారు. గరిటె నవ్వలేదు. దానికి వెనకవైపు కూర్చున్నాం.

ఆగస్టు 23

గరిటె ఈ మధ్య బాగా నెమ్మదస్తురాలైంది. పిలిస్తే దగ్గరికొచ్చి ముఖంలోకి చూస్తుంది. అడిగినదానికి తల ఆడిస్తుంది, మాట్లాడదు. బడి మర్యాద అబ్బిందని కోడలికి సంబరం. మెరుగుబావ అడిగాడు, మీ పిల్ల ఊళ్ళో లేదా, గొంతు వినపడటం లేదేమిటని.

సెప్టెంబరు 2

ఒక ఆట ఆడాను. అందరూ మధ్యాహ్నం పని ఆపి కూర్చున్నప్పుడు, గరిటె వెనక నిలబడి మామూలు గొంతుతో, అంటే వంతెన అవతలివాళ్ళ మామూలు గొంతుతో, "గరిటే, నీ జడ ఊడిపోయింది" అన్నాను. కదల్లేదు. ఇంకా దగ్గరికెళ్ళి అన్నాను. కదల్లేదు. కొత్త బిందె అంచు మీద గోటితో మీటాను. కదల్లేదు. నేల మీద కాలితో తన్నితే తిరిగి చూసింది.

మావాడి వెనక నిలబడి, "ఒరే, నీ లుంగీకి నిప్పంటుకుంది" అన్నాను. కదల్లేదు. మెరుగుబావ వెనకాల నిలబడి వాడి వంశమంతా తిట్టాను. టీ తాగుతూనే ఉన్నాడు.

కోడలు వెనకకి వెళ్ళి ఇంకా నోరు తెరవలేదు. "మళ్ళీ ఏం వేషం మామయ్యా?" అంది అటు తిరిగే. నా కాలి చప్పుడు వినపడిందట.

ఇంట్లో అందరం ఒకే గాలి పీలుస్తాం, ఒకే కూడు తింటాం. దానికొక్కదానికే వినపడుతోంది. అది పుట్టి పెరిగింది ఇంకో చోట.

ఆట బాగోలేదు.

సెప్టెంబరు 3

ఏమీ రాయాలని లేదు.

సెప్టెంబరు 16

అర్ధసంవత్సరం పరీక్షలు మొదలయ్యాయి. రాసేవి బాగా రాస్తోంది. మెత్తనమ్మ నోటితో చెప్పి రాయించేవి ఖాళీగా వదిలేస్తోందట. నోటితో అడిగేవి ఇంకా ఉన్నాయి.

చెప్పాలి.

సెప్టెంబరు 17

చెప్పేశాను.

వీధి వినకూడదని, ముందు చేతిమాటలో చెప్పబోయాను. ఎర్ర దీపం, చిప్పలు, చిటికెన వేలు, అన్నీ చేతుల్తో చూపించాను. కోడలు గిన్నెలు కట్టలు కడుతూ చూసింది.

"ఏంటి మామయ్యా, దోమలా?"

దాంతో నోటితోనే చెప్పాల్సి వచ్చింది. చెడ్డ వేళ చూసుకున్నాను. సరిగ్గా అప్పుడే అందరూ భోజనాలకని సుత్తులు దించారు. నా గొంతు నాకు చిన్నగానే వినపడింది. చెప్పడం పూర్తయ్యేసరికి మెరుగుబావ గుమ్మంలో ఉన్నాడు. వాడి వెనక ఇంకో నలుగురు.

కోడలు అరుస్తుందనుకున్నాను. కొడుతుందేమో అని కూడా అనుకున్నాను. అది పెదాలు కదిపింది.

"ఏంటమ్మా? వినపడలేదు."

"దాన్ని రెండు దెబ్బలు కొట్టాను" అంది.

ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. వీధి మొత్తం మీద ఆ మధ్యాహ్నం పని ఎవరు మొదట మొదలుపెట్టాలా అని చాలాసేపు చూసుకున్నారు.

సెప్టెంబరు 24

పెద్దాసుపత్రి. ఇక్కడ పరీక్ష అద్దాల గదిలో. గదికి రెండు తలుపులు, రెండూ బరువైనవి. నన్ను బయట, గోడ వైపు తిరిగి కూర్చోమన్నారు. కోడలు పెట్టిన షరతు అది. నా చేతులు నా తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

డాక్టరమ్మ గీతలు గీసిన కాగితం చూపించింది. లావు చప్పుళ్ళు వినపడతాయట. సన్నవి వినపడవు. అందుకే మనిషి మాట దానికి చిల్లుల బట్టలా చేరుతుందట. ముఖం చూస్తే ఆ చిల్లులు పూడ్చుకుంటుంది. ఇన్నాళ్ళూ అలా పూడ్చుకుంటూ మొదటి మార్కులు తెచ్చుకుందంటే చాలా తెలివైన పిల్లండీ అంది.

"పుట్టుకతో వచ్చింది కాదు. ఇంట్లో ఎవరైనా దీని దగ్గర పెద్ద చప్పుళ్ళు చేసేవారా? చిన్నప్పటి నుంచి?"

"వీధంతా కొడుతుందమ్మా" అన్నాను.

కోడలు నా వైపు చూసింది.

చెవులకి మిషన్లు ఇస్తారట. కానీ పోయింది తిరిగి రాదట. అక్కడే ఉంటే ఉన్నది కూడా పోతుందట. "మిషన్ మంచి చప్పుడనీ చెడ్డ చప్పుడనీ చూడదు, వచ్చిందాన్ని పెంచుతుంది. ఇల్లు మారండి" అంది డాక్టరమ్మ, గొడుగు తెచ్చుకోండి అన్నంత తేలిగ్గా.

సెప్టెంబరు 26

కోడలూ నేనూ బడికి వెళ్ళాం. పెద్ద టీచరమ్మ ఆసుపత్రి కాగితం చూసింది. మెత్తనమ్మని పిలిచింది. మెత్తనమ్మ కళ్ళు తుడుచుకుంది. మంచి మనిషే.

పిల్ల చోటు తియ్యరు. ముందు బెంచీలో కూర్చోబెడతారు. కానీ నోటి పరీక్షలన్నీ పోయాయి, మొదటి సగం పాఠాలు రాలేదు, కాబట్టి వచ్చే ఏడు మళ్ళీ ఇదే తరగతి చదవాలి.

"జులైలోనే తేలి ఉంటే ఈ ఏడాది పోయేది కాదు" అంది పెద్ద టీచరమ్మ. ఎవరి వైపూ చూడకుండానే అంది.

ఏడాదిదేముంది. గరిటె ముందు బోలెడు ఏళ్ళున్నాయి.

ఒక ఏడాది తక్కువ.

అక్టోబరు 8

మిషన్లు పెట్టారు. ఆసుపత్రి మెట్ల మీద గరిటె నిలబడిపోయింది. "అమ్మా, నీ చెప్పులు మాట్లాడుతున్నాయి" అంది. చెట్టు కింద ఆగి పైకి చూసింది. వంతెన దాకా నవ్వుతూనే ఉంది.

వంతెన దిగి మా వీధిలోకి తిరగగానే చెవులు రెండూ పట్టుకుంది. గుమ్మం ఎక్కేలోపలే మిషన్లు పీకి అమ్మ చేతిలో పెట్టి ఏడ్చింది. పుట్టినప్పటి నుంచీ ఉంటున్న వీధి ఇంత చప్పుడు చేస్తుందని దానికి ఇవాళే తెలిసింది.

అక్టోబరు 10

ఇంట్లో పంచాయితీ. మూకుడు మొదటిసారి మోగింది.

"నేనెక్కడికి రాను? గిన్నెలు మోపి కొట్టే ఈ ఇనప దాగలి భుజాన వేసుకుని తిరగనా? ఆ వైపు ఎవడు కొట్టనిస్తాడు నన్ను? తలుపు గట్టిగా వేస్తేనే బయటికొచ్చి చూస్తారు!"

"నేను సుత్తి ముట్టుకోను" అన్నాను. "జులై నుంచి ముట్టుకోలేదు కూడా."

"మీరొక్కరు ఆపితే వీధి ఆగుతుందా మామయ్యా?" అంది కోడలు. అది నాతో మాట్లాడింది, అదే పదివేలు.

అక్టోబరు 13

వీధిని ఆపించాలని ఇంటింటికీ తిరిగాను. సాయంత్రం బడి నుంచి వచ్చాక కాసేపు సుత్తులు దించండర్రా, పిల్ల మిషన్లు పెట్టుకుని చదువుకుంటుందని. ఒక్కడు కాదనలేదు. గరిటె అంటే అందరికీ ప్రాణమే. సాయంత్రం అందరూ గుమ్మాల్లో చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఏం చెయ్యాలో తెలియక ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. గరిటె అరుగు మీద కూర్చుని లెక్కలు చేసుకుంది. భలేగా ఉంది.

అక్టోబరు 14

రెండిళ్ళ అవతలివాడు పెళ్ళివారి బిందెలు రేపటికివ్వాలట. చెవిలో బట్ట పెట్టుకోమను తాతా, ఈ ఒక్క రోజుకే అన్నాడు. వాడు మొదలుపెట్టాక మిగతావాళ్ళు మాత్రం ఎందుకాగుతారు. ఎవరి పొయ్యి వాళ్ళకి వెలగాలి కదా. తిట్టడానికి నోరు రాలేదు.

నవంబరు 2

కోడలూ గరిటే వంతెన అవతలికి వెళ్ళిపోయారు. బట్టలు కుట్టే ఆవిడ ఇంటి పైన ఒక్క గది. ఆవిడ దగ్గరే కోడలు గుండీలు కుడుతుంది. మావాడు ఆదివారాలు వెళ్ళొస్తాడు. మూకుడికి ఇప్పుడు పెళ్ళాం ఒక ఒడ్డున, దాగలి ఒక ఒడ్డున.

నన్ను కూడా రమ్మంది కోడలు. మాటవరసకి కాదు, నిజంగానే రమ్మంది. వాడి వంట ఎవడు తింటాడు, నేనుంటే తోడు అన్నాను.

నాకు హాయిగానే ఉంది. ఇల్లు విశాలమైంది. కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు.

నవంబరు 3

కాళ్ళు చాపుకుని పడుకున్నాను.

నవంబరు 19

మావాడి చేత చెప్పించారు, గరిటె తరగతిలో పాట పాడిందట. ఏం పాటరా అంటే తెలియదన్నాడు. అడగలేదట. మూకుడు.

డిసెంబరు 7

ఇవాళ వెళ్ళాను. గొంతు తగ్గించుకోవాలని దారంతా సాధన చేశాను. వంతెన మీద ఎవరో అయ్యా ఆరోగ్యం బాగాలేదా అని అడిగారు.

గది చిన్నదే. కిటికీకి పరదా, గోడకి పిల్ల గీసిన బొమ్మలు. గరిటె జడలు రెండూ వెనక్కి కట్టుకుంది, మిషన్లు కనపడేలా. దాచుకోవటం లేదు. దాన్ని చూడగానే నా సాధనంతా ఎటుపోయిందో.

కింద నుంచి బట్టలు కుట్టే ఆవిడ సూది చేత్తోనే పరిగెత్తుకొచ్చింది. "ఏమైందండీ? ఎవరితో గొడవ?"

"గొడవ కాదు పిన్నిగారూ" అంది కోడలు. "మా మామయ్య, బాగున్నావా అని అడుగుతున్నారు."

ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసి వెళ్ళింది. కోడలు నవ్వింది. నేనూ నవ్వాను, నోరు మూసుకుని.

"తాతా, నువ్వు మాట్లాడకు. నేను పాఠం చదువుతా, విను" అంది గరిటె.

మంచం మీద కూర్చుని పుస్తకం ముఖానికి అడ్డంగా పట్టుకుంది. చదువుతోందని పుస్తకం కదలటాన్ని బట్టి తెలిసింది. గొంతు మారిపోయింది దానిది. ఈ వైపు గొంతు వచ్చేసింది, మెత్తగా. నాకు ఏదో సన్నగా, ఎక్కడో వాన పడుతున్నట్టుంది, అంతే. పిల్ల సంతోషంగా చదువుతోంది. మధ్య మధ్యలో తల ఆడించాను. ఒక చోట "ఆహా" అన్నాను. ఇంకో చోట ముక్కు మీద వేలేసుకున్నాను.

పుస్తకం దించింది.

"ఏం విన్నావు?"

"అంతా విన్నాను."

"ఏంటో చెప్పు."

"రాజుగారి గురించి కదే. గొప్ప రాజు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"నేనూ క్లాసులో ఇలాగే తల ఊపేదాన్ని తాతా" అంది. ఆ మాట గట్టిగా అంది, నాకోసం.

కోడలు గుండీ కుట్టడం ఆపింది. నాకు చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

గరిటె లేచి పరదా పక్కకి లాగింది. నన్ను కిటికీకి వీపు పెట్టి కూర్చోమంది. తను నాకు ఎదురుగా, వెలుతురు తన ముఖం మీద పడేలా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, నోరు బాగా తెరుస్తూ, మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.

పాఠం ఆకుల గురించి.